యువకులకు బాధ్యత

పటాన్‌చెరు కర్మాగారములలో షిఫ్టు మాఱువేళ మా వీథి నిండిపోవును. రేయంతయు పనిచేసి వచ్చువారును, పగటిపనికి పోవువారును పలుకరించుకొనుటకైన తీఱిక లేక సాగిపోవుదురు. మా సంఘమునందలి యువకులలో పెక్కుమంది వీరే. నేటి పిల్లలు సంఘకార్యములకు ముందుకు రారని పెద్దల సమావేశములందు నేను పలుమాఱు వాపోయితిని. వారికి మేము అప్పగించిన పనులేమి? కుర్చీలు వేయుట, క్రిస్మసుకు నక్షత్రములు కట్టుట, విందునాడు వడ్డించుట. ఆలోచన చెప్పుట మాత్రము మా వంతుగానే యుంచుకొంటిమి.

సంఘపు లెక్కల పుస్తకము ఇరువదేండ్లు నా చేతిలో నుండెను. చూపు మందగింపగా దానిని ఒక యువకునికి అప్పగించితిని. మూడవ నెల రొక్కము లెక్కింపగా మూడువందల రూపాయల తేడా కనబడెను. ఆరాధన ముగిసిన పిదప అందఱి యెదుట పుస్తకము విప్పి, "ఇందుకే చిన్నవారి చేతి కియ్యరాదు" అంటిని. అతడు, "మళ్ళీ చూచెదను, పెద్దయ్యా" అని మెల్లగా పలికి పోయెను. మరుసటి ఆదివారము రాలేదు.

ఆ రాత్రి నేనే లెక్క సరిచూచితిని. పుస్తకము అతనికిచ్చుటకు ముందే, వెనుకటి పుట మొత్తమును ముందు పుటకు దింపుచు, వందల స్థానమున ఐదునకు మాఱుగా నేను రెండు వ్రాసియుంటిని. అంకె దిద్దుటకు క్షణము పట్టలేదు. ఆ సంగతి సంఘమున చెప్పుటకు నాకు నెల పట్టినది.

ఆ నెలలో అజరయ్య బిషప్పు చరిత్రము తఱచు జ్ఞప్తికి వచ్చెను. ఆయన తిరునెల్వేలి సీమ తమిళుడు; దోర్నకల్లున తెలుగువారి నడుమ పనిచేసెను. 1910లో ఎడింబరో మహాసభయందు, మిషనెరీల త్యాగమును కొనియాడుచునే, వారు భారతీయులతో స్నేహితులవలె మెలగవలెనని కోరెను. ఆ మాట పలువురికి కటువుగా తోచెను. ఆయనను బిషప్పుగా చేయవలెనని మద్రాసు బిషప్పు హెన్రీ వైట్‌హెడ్ పూనుకొనగా, భారతీయునికి అంత యధికారమా యని శంకించినవా రనేకులు. అయినను 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయన ఆంగ్లికను సంఘమున ప్రథమ భారతీయ బిషప్పుగా అభిషిక్తుడై, 1945 జనవరి 1న మరణించువఱకు దోర్నకల్లు అధ్యక్షతను వహించెను. గ్రామోపాధ్యాయులకును, వారితోపాటు వారి భార్యలకును శిక్షణ నిప్పించి పల్లెలలో బాధ్యతల నప్పగించెను.

యోగ్యత వచ్చిన పిమ్మట అధికార మిత్తుమని మనము చెప్పుచుందుము. ఈత వచ్చినగాని చెఱువులో దిగనీయమనుట యిట్టిదే. వైట్‌హెడ్ అట్లు కాచుకొని కూర్చుండలేదు.

తుదకు నేను ఆ యువకుడు నలుగురితో కలిసియున్న గదికి పోయి, తప్పు నాదని చెప్పితిని. అతడు కొంతసేపు మిన్నకుండి, "తేడా అడిగినందుకు కాదు, పెద్దయ్యా. పక్కకు పిలిచి అడుగలేదని బాధపడితిని" అనెను. ఆ ఆదివారమే సంఘము నెదుట నిలిచి జరిగినదంతయు చెప్పితిని. చెప్పునపుడు నా గొంతు వణకినది. చెప్పిన పిదప మనసు తేలికపడినది.

పుస్తకము మరల అతనియొద్దకు చేరినది. పెద్దల సమావేశములను ఇప్పుడు అతని షిఫ్టును బట్టి నిర్ణయించుచున్నాము. కానుకల పెట్టె తాళపుచెవులు రెండింటిలో ఒకటి అతనియొద్ద నున్నది.

చదువరులారా, ఇది సంఘములకే చెల్లిన మాట కాదు. ఇంటి పద్దును కోడలికిగాని, ఎదిగిన కొమార్తెకుగాని అప్పగించి, ఆమె తప్పు నలుగురిలో ఎంచక యుండగలవారు మనలో నెందఱు?

మొన్న ఆ యువకుడు ఒక బాలికకు పద్దు వ్రాయుట నేర్పుచుండెను. ఆమె ఒక మొత్తము తప్పు వేసెను. అతడు పుస్తకము మూసి, ఆమెను పక్కకు పిలిచి, మెల్లగా చెప్పెను. నేను దూరముగా కూర్చుండి చూచితిని.