పలనాటి మెట్టసీమలో నొక దినము

రాజపుత్రస్థానపు ఇసుక యెడారులను జూచివచ్చిన వారి వ్రాతలను మీరు చదివియుందురు. అంత దూరమేగుటకు వీలులేని మేము మన యాంధ్రదేశముననే నీటియెద్దడికి పేరుమోసిన పలనాటిని ఒకదినము చూచిరావలెనని నిశ్చయించితిమి. ఇచ్చట ఇసుకతిన్నెలు లేవు. నాపరాళ్లును, తుమ్మచెట్లును, ఎండయును గలవు. శ్రీనాథునివని చెప్పుకొను చాటువులలో ఈ సీమ పడిన యెత్తిపొడుపులు తెలుగువారెల్లరు నెఱిగినవే.

మా యత్తగారి పుట్టినయూరు ఈపూరు. అందుచే ప్రయాణమచ్చటనుండియే మొదలిడితిమి. మేము బాడుగకు దెచ్చినది పడకలు, పొయ్యి, నీళ్లతొట్టి గల పెద్ద మోటారుబండి. కారవానని దానికి పేరు. అత్తగారు మాత్రము దానిని గూడుబండియనియే పిలిచిరి. చిన్ననాడు తాము కోటప్పకొండ తిరునాళ్లకు వెళ్లిన బండికిని దీనికిని ఎద్దులు లేకుండుటయే భేదమని వారి యభిప్రాయము.

తెల్లవారకముందే బయలుదేరితిమి. మిరపకల్లములు దాటి కొంతదూరము పోయినపిదప కాఫీ కాచుకొందమని తొట్టికుళాయి త్రిప్పగా, గుటకెడు నీళ్లైనను రాలేదు. రాత్రి నేను కుళాయిని సరిగా బిగింపలేదు. నీళ్లన్నియు బొట్టుబొట్టుగా నేలపాలైనవి. అత్తగారు నన్నేమియు ననలేదు, అనినను బాగుండెడిది.

దారిప్రక్క ఇంటిముందు బండి నాపి నీళ్లడిగితిమి. ఆ యిల్లాలు రెండు బిందెలు తెచ్చి తొట్టిలో పోసెను.

"ఏ ఊరు పెద్దమ్మా మీది?"

"పుట్టింది ఈపూరమ్మా."

"మా మేనత్త నిచ్చింది ఆ ఊరే! ఇంకో బిందె పోయనీ."

నేను డబ్బు తీయబోగా ఆమె మొగము చిన్నబుచ్చుకొని, "నీళ్లకు డబ్బులేందమ్మా?" యనెను. నేను తలవంచుకొని బండియెక్కితిని.

అప్పుడు అత్తగారు తమ బాల్యము చెప్పిరి. వేసవిలో బావి యడుగంటగా, ఆడపిల్లలు తొలికోడి కూయకముందే బిందెలు వరుసగా పెట్టి, నీరూరువరకు గట్టున కూర్చుండెడివారట. ఒకరికి ఒక్క బిందెయే. వంతు తప్పినదా, ఆ పూట ఇంట స్నానములు లేవు. "మీ మామగారి ఊళ్లో చెఱువున్నదని విని మా నాన్న సంబంధము ఖాయము చేసినారు" అని నవ్విరి. ఆ నవ్వునకు నాకు మాట తోచలేదు.

కారెంపూడి నాగులేటి యొడ్డున నున్నది. క్రీ. శ. 1182 ప్రాంతమున పలనాటియుద్ధము జరిగిన దిక్కడనే. వీరుల గుడిలో నాటి వీరులకు గుర్తుగా నిలిపిన శిలలు గలవు. కార్తికమాసపు అమావాస్య మొదలు ఐదు దినము లుత్సవము. సకలజాతులవారిని ఒక్కచో కూర్చుండబెట్టి బ్రహ్మనాయుడు పెట్టించిన చాపకూడును నేటికిని అందు తలచుకొందురు. నలగామరాజుకడ మంత్రిత్వము చేసిన నాగమ్మమాట యెత్తినంతనే మాత్రము, కలహమున కామెయే మూలమందురు. కత్తులు దూసిన మగవారికి గుళ్లును, మంత్రాంగము నడపిన యాడుదానికి నిందయును! నాగమ్మ తప్పు చేయలేదని నే ననను. ఆ తప్పులో పాలుపంచుకొన్నవా రెందరో గదా!

మాచర్లలో చంద్రవంక యొడ్డున చెన్నకేశవస్వామిని సేవించి, ఎండ ముదురుచుండగా ఎత్తిపోతల చేరితిమి. ఆ చంద్రవంకయే మఱి రెండు వాగులతో గలిసి ఇచ్చట దాదాపు 70 అడుగుల యెత్తునుండి దుముకుచున్నది. మేము చూచినప్పుడు ధార సన్నగిల్లియుండెను. అయినను రాళ్లపై పడు నీటి చప్పుడు విని అత్తగారు చాలసేపు కదలలేదు. క్రిందిమడుగులో మొసళ్లున్నవని చెప్పగా పిల్లలును కదలలేదు. అక్కడనే పెరుగన్నము తింటిమి.

విజయపురి దక్షిణమున లాంచియెక్కి నాగార్జునకొండకు బోయితిమి. చుట్టును నీరే! దీనియడుగుననే ఇక్ష్వాకురాజుల విజయపురి మునిగియున్నది. మునుగకముందు, 1954 మొదలు 1960 వఱకు త్రవ్వి తీసినవానిలో ముఖ్యమైనవి కొండపైకి దెచ్చి నిలిపిరి. అచ్చటి మహాచైత్యమును కట్టించినది చాంతిసిరి. ఆమె వాసిష్ఠీపుత్ర చాంతమూలుని తోబుట్టువు. బోధిసిరి యను నుపాసిక రాణి కాదు, రాచబిడ్డ కాదు. అయినను సింహళభిక్షువుల మేలుకొఱకు చైత్యగృహమును కట్టించెను. ఆమె దానములన్నియు వరుసగా రాతిపై చెక్కియున్నవి. పూర్వశైలమున ఆమె తటాకమును ద్రవ్వించినట్లును అందున్నది. ఆ మాట చెప్పగానే అత్తగారు, "గుడులెవరైనా కట్టిస్తారు, చెఱువు త్రవ్వించినదంటే ఆమె నీళ్లు మోసిన మనిషే" యనిరి. శాసనములో అట్లని లేదు. నేను కాదనలేదు.

సాయంకాలమునకు ఆనకట్టకడకు వచ్చితిమి. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు పునాదిరాయి వేసిరి. 1967లో కాలువలకు నీరు వదలిరి. 124 మీటర్ల యెత్తున రాతితో గట్టిన గోడ యిది. రాళ్లు మోసిన చేతులలో గాజులచేతులును గలవు. కుడికాలువ పలనాటి మెట్టచేలకు నీరు దెచ్చినది. పిదప పత్తి, మిరప పచ్చబడిన యూళ్లెన్నో. కాలువకు దూరముగా మిట్టన నున్న చేలు మాత్ర మిప్పటికిని మబ్బువైపే చూచుచున్నవి.

కాలువ మొదట నీరు సుడులు తిరుగుచు పోవుటను అత్తగారు కమ్మి పట్టుకొని చూచిరి. నీరు వదలిన యేడు వారికి పెండ్లియై, ఆ సీమ విడిచి రెండేండ్లయినదట. "రెండేండ్లు ముందు వచ్చియుంటే మా అమ్మ..." యని మాట నడుమ నాపిరి. వారి తల్లి బావిగట్టున జారిపడి నడుము విఱిగి, మంచములోనే పోయినదని నాకు అప్పుడే తెలిసినది. ఇన్నేండ్లు ఒక్కయింట నుండియు నేనడుగలేదు, వారు చెప్పలేదు.

ఆ రాత్రి బండి నొకచెట్టుక్రింద నిలిపి పడుకొంటిమి. నేను కుళాయిని రెండుమాఱులు బిగించితిని. నడిరేయి మెలకువ రాగా, చీకటిలో అత్తగారు లేచి, తొట్టికడకు మెల్లగా నడచి, కుళాయిక్రింద చేయి యుంచి చూచుకొని, తడిలేదని తెలిసి మరల వచ్చి పడుకొనిరి.