అటక మీది చావుపిట్ట

గుడ్లగూబ అరిస్తే ఆ ఇంట మరణం తప్పదని మా ఊరి పెద్దలు చెప్పేవారు. ప్రతి ఆదివారం ఆరాధనకు వెళ్లే కుటుంబమే అయినా ఆ భయం మాలోనుండి పోలేదు.

1994లో సార్వా కోతల రోజుల్లో మా పెంకుటింటి అటక మీద రాత్రిళ్లు బుసకొట్టినట్టు శబ్దం వచ్చేది. పాము అనుకున్నాము. నిచ్చెన వేసి చూస్తే తెల్లని ముఖం గల పెద్ద పక్షి, దాని వెనుక నాలుగు పిల్లలు. నాలుగూ నాలుగు సైజులు. మావైపు దానిని చావుపిట్ట అంటారు. ఆ వారమే నాన్నగారు జ్వరంతో మంచం పట్టారు. ఇరుగుపొరుగు మాట విని అటక మీద పొగబెట్టాము. పెద్ద పక్షి తిరిగి రాలేదు. పిల్లలు చనిపోయాయి. నాన్నగారు డాక్టరుగారి మందులతో లేచి కూర్చున్నారు. అటక ఊడ్చినప్పుడు దొరికిన నల్లని ఉండలను చెత్త అనుకొని పారబోశాము.

దాళ్వాలో వరి పొట్టమీద ఉండగా ఎలుకలు పడ్డాయి. మందు పెడితే మొదటి రాత్రి కొన్ని చచ్చాయి. తరువాత ఎర ముట్టలేదు.

ఊరికి వచ్చిన వ్యవసాయాధికారితో మొరపెట్టుకున్నాము. "కొంచెం తిని బ్రతికిన ఎలుక మళ్లీ ఆ ఎర జోలికి రాదండి" అన్నారాయన. మాటల్లో గూబ సంగతి చెప్పాము. ఆయన కాసేపు మాట్లాడలేదు. "ఆ ఉండ ఒక్కటి విప్పి చూసినా ఎలుక పుర్రె కనిపించేది" అన్నారు.

గూబ ఎలుకను అలాగే మింగి, అరగని ఎముకలను, బొచ్చును ఉండగా కక్కుతుందట. దాని చెవులు ఒకటి పైకి, ఒకటి క్రిందికి ఉండడంవల్ల చిమ్మచీకటిలోనూ శబ్దాన్నిబట్టి ఎలుకను పట్టగలదు. మెత్తని రెక్కలు చప్పుడు చేయవు. మొదటి గుడ్డు పెట్టినప్పటినుండే పొదుగుతుంది గనుక పిల్లలు ఒకదాని వెనుక ఒకటి పుడతాయి. ఎలుకలు దండిగా ఉన్న ఏడు అన్నీ బ్రతుకుతాయి. కరువైతే చిన్నవి చనిపోతాయి. వరిని తిని ఎలుక, ఎలుకను తిని గూబ! ఎలుకలనుబట్టి గూబల లెక్క సాగుతుంది.

ఒక్క గూబ పోయినందుకే పంట పోయిందని మేము అనము. కాని పొలానికి మేలు చేసే జీవిని భయంతో మా చేతులతోనే వెళ్లగొట్టాము. ఆ నాలుగు పిల్లలు ఇప్పటికీ మాకు గుర్తుకు వస్తాయి.

మరుసటి పంటనుండి పక్షులు వాలేందుకు చేలో గెడకర్రలు పాతాము. కొన్నేళ్లకు మా గుడి గోపురంలో ఒక గూబ చేరింది. ఒక రాత్రి దాని కేక విని కోడలు బెదిరిపోతే నాన్నగారే నవ్వి, "భయపడకమ్మా, అది మన చేనికి రాత్రి కాపలా" అన్నారు. చావుపిట్ట కూతకు పోతారనుకున్న మనిషి, ఆ జ్వరం తరువాత పదకొండేళ్లు బ్రతికారు.

ప్రియ చదువరులారా, మీ అటక మీద బుస వినబడితే పొగబెట్టకముందు క్రింద రాలిన ఉండను ఒకసారి విప్పి చూడండి.