మంచు కింద మంచు

డెన్వర్ నుంచి ఐ-70 మీద గంటకు పైగా వెళ్తే లవ్‌లాండ్ పాస్. ఎత్తు 11,990 అడుగులు. చలికాలం శని, ఆదివారాల్లో అక్కడ తరచూ తెలుగు వినబడుతుంది. పిల్లల కాళ్లకు స్నోషూలు కట్టి, ఫ్లాస్కులో టీ పోసుకుని వాలు ఎక్కే కుటుంబాలను చూస్తే నాకు ఎంత సంతోషమో అంత గుబులు.

మంచు చరియ అంటే ఎక్కడో పైన విరిగి, కింద ఉన్నవాళ్ల మీద పడేదని మనలో చాలామంది అనుకుంటారు. గట్టిగా అరిస్తే కొండ కూలుతుందని నమ్మేవాళ్లూ ఉన్నారు. అరుపుకు మంచు కదలదు. ప్రాణాలు తీసిన చరియల్లో నూటికి తొంభై దాకా బాధితుడో, అతని వెంట వచ్చినవాళ్లో అడుగేసి కదిలించినవే.

అదెలాగో నాకు శిక్షణ తరగతిలో అర్థమైంది. మా శిక్షకురాలు వాలు మీద నడుము లోతు గొయ్యి తవ్వి, పక్కగోడను పారతో నున్నగా చెక్కారు. పైభాగం గట్టి దిమ్మ. నేలకు దగ్గర్లో వేలు పెడితే మాత్రం పొర పొరంతా రాలిపోయింది. గుప్పిట పడితే ఉండకట్టదు, పంచదారలా వేళ్ల సందుల్లోంచి జారుతుంది.

అది అక్టోబరు, నవంబరుల్లో పడ్డ మంచు. అడుగున నేల సున్నా డిగ్రీల దగ్గరే ఉంటుంది, పైన గాలి మైనస్ ఇరవైకి పడిపోతుంది. మధ్యనున్న మంచు పలచగా ఉంటే, ఆ తేడాకు లోపలి ఆవిరి పైకి పాకుతూ రేణువులను పెద్దవిగా, కోసుగా మార్చేస్తుంది. ఇక అవి ఒకదాన్నొకటి పట్టుకోవు. కొలరాడోకు ఇది ఏటా ఉండే బెడద. అమెరికాలో చరియల మరణాలు ఈ రాష్ట్రంలోనే ఎక్కువ కావడానికి ఇదో ముఖ్య కారణం.

తర్వాత తుపాను వస్తుంది, కొత్త మంచు పడుతుంది. గాలి ఒక వైపు మంచును ఎత్తి శిఖరం అవతలి వాలు మీద పోసి బిగిస్తుంది. వాలు 30 నుంచి 45 డిగ్రీలు ఉంటే మనిషి బరువు చాలు. అడుగు పొర ఒకచోట కుంగుతుంది, పగులు క్షణాల్లో వాలంతా పాకుతుంది, దిమ్మ మొత్తం ఊడి వస్తుంది. కింద చదును మీద నిలబడ్డా పై వాలును కదిలించవచ్చు.

ఆ గొయ్యి దగ్గరే శిక్షకురాలు దిమ్మ మీద పార ఆనించి మణికట్టుతో పదిసార్లు తట్టారు. ఏమీ కాలేదు. మోచేతి నుంచి కొట్టిన మూడో దెబ్బకు పైదిమ్మంతా మా కాళ్ల ముందుకు జారింది.

2013 ఏప్రిల్ 20న లవ్‌లాండ్ పాస్ దగ్గరి షీప్ క్రీక్‌లో ఆరుగురు ఇలాంటి చరియలో చిక్కుకున్నారు. ఐదుగురు చనిపోయారు. మంచు కొండలు తెలిసినవాళ్లే, పరికరాలు ఉన్నవాళ్లే.

2016 ఫిబ్రవరిలో సియాచిన్‌లో మంచు కింద పడి మన సైనికులు పదిమంది అమరులయ్యారు. అందులో కర్నూలు జిల్లా సిపాయి ముస్తాక్ అహ్మద్ ఒకరు. వాళ్లను అక్కడ నిలబెట్టింది విధి నిర్వహణ. సరదాకు కొండెక్కే మనకు ఏ వాలు ఎక్కాలో, ఏది మానాలో ఎంచుకునే వీలుంది.

అందుకే ఇది చదివే కొలరాడో తెలుగువాళ్లకు నా మనవి. బయల్దేరే ముందు కొలరాడో అవలాంచ్ ఇన్ఫర్మేషన్ సెంటర్ రోజూ ఇచ్చే చరియల ప్రమాద అంచనా చూడండి. ఐదు స్థాయుల్లో మూడోది అంటే ఫర్వాలేదులే అనుకోకండి, ఎక్కువమంది పోతున్నది ఆ రోజుల్లోనే. కాళ్ల కింద ధబ్‌మని మంచు కుంగినా, ముందు పగులు కనబడినా వచ్చిన దారినే వెనక్కి తిరగండి. మంచు కింద పడ్డవాళ్లను పది, పదిహేను నిమిషాల్లో బయటకు తీస్తేనే ఎక్కువమంది బతుకుతారు. అంతలో బయటి సాయం అందదు. బీకన్ (సంకేతాలు పంపే పరికరం), ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే కడ్డీ), పార మీ దగ్గరే ఉండాలి, వాడడమూ తెలిసుండాలి. పిల్లలు వెంట ఉంటే వాలు 30 డిగ్రీలు దాటని, పైన నిటారు కొండ లేని దారినే పట్టండి. ఈ చుట్టుపక్కల అలాంటివి చాలా ఉన్నాయి.