పెళ్లి వాళ్లది, రీచార్జి మనది

మీ ఇంట్లో 9848తోనో, 9885తోనో మొదలయ్యే నంబరు ఎవరికైనా ఉందా? ఉంటే కాస్త గౌరవంగా చూడండి. మొదటిది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో టాటా సెల్యులార్ ఇచ్చిన వరస. రెండోది హచ్ వాళ్లది. టాటా సెల్యులార్ కాస్తా ఐడియా అయింది. హచ్ 2007లో వొడాఫోన్ అయింది. ఒకప్పుడు ఒకే వీధిలో ఎదురెదురు కొట్లు పెట్టుకుని జనాన్ని లాక్కున్న ఈ ఇద్దరూ 2018 ఆగస్టు 31న ఒకటైపోయారు. రెండేళ్లు పాత పేర్లతోనే కాపురం చేసి, 2020 సెప్టెంబరులో ‘వీఐ’ అని కొత్త పేరు పెట్టుకున్నారు. ఇన్ని జరిగినా మీ పది అంకెల్లో ఒక్క అంకె కూడా మారలేదు. చిత్రమే కదా!

కంపెనీలు కలిసిపోతున్నాయని పేపర్లో రాగానే మనందరికీ వచ్చే మొదటి గుబులు నంబరు గురించే. రెండోది బ్యాలెన్సు. ఆ రెండింటికీ ఢోకా లేదని ముందే చెప్పేస్తున్నాను. టెలినార్ 2018 మే నెలలో ఎయిర్‌టెల్‌లో కలిసింది. మన ఆంధ్రప్రదేశ్ టెలికాం సర్కిల్లోనూ దాని సిమ్ములు బాగానే ఉండేవి. ఆ సిమ్ములు పనిచేశాయి, వేసుకున్న ప్యాకులు నడిచాయి. సెకనుకి పైసా అని 2009లో అందరి చేతా లెక్కలు మార్పించిన టాటా డొకోమో కూడా 2019 జులై 1న ఎయిర్‌టెల్ గూటికే చేరింది. అప్పుడూ అంతే. ‘మీ సేవల్లో ఏ మార్పూ ఉండదు’ అని కంపెనీ పంపే సందేశం కలిసే రోజు వరకూ నిజమే. పైగా ఒక టారిఫ్‌లో చేరిన వినియోగదారుకి ఆరు నెలల దాకా అందులోని రేటు పెంచకూడదని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధన ఎప్పటినుంచో ఉంది.

అసలు భయపడాల్సింది కలిసిపోయే కంపెనీకి కాదు, మూతబడే కంపెనీకి. 2018 ఫిబ్రవరిలో ఎయిర్‌సెల్ దివాలా అంచున సిగ్నల్ వదిలేసినప్పుడు తమిళనాడులో జనం నంబరు మారకుండా వేరే కంపెనీకి వెళ్లడానికి కావాల్సిన పోర్టు కోడ్ కోసం కొట్ల ముందు క్యూలు కట్టారు. అక్కడ ఫోన్‌లో టవరే లేకపోతే పోర్టు సందేశం ఎక్కడ పంపుతారు? దాంతో పోల్చుకుంటే విలీనం మర్యాదస్తుల వ్యవహారం.

మరి మారేదేమిటి? ముందు సిగ్నల్. ఒకే చోట రెండు కంపెనీలకీ టవర్లుంటే రెండూ ఎందుకని ఒకటి తీసేస్తారు. వాళ్లకి అద్దె, కరెంటు మిగులుతాయి. సర్దుబాటు అయ్యేదాకా కొన్నిచోట్ల ఇంతకుముందు హాల్లో పలికిన ఫోను ఇప్పుడు పెరట్లోకి వెళ్తే గానీ పలకదు. కొన్నిచోట్ల బాగుపడుతుంది కూడా. మీ వాటా ఏదన్నది మీ ఇల్లు ఎక్కడుందన్న దాన్ని బట్టి. పనిలో పనిగా పాత సిమ్ము ఇచ్చి 4జీ సిమ్ము తీసుకోమంటారు. తీసుకోండి, కానీ కొట్టుకి మీరే నడిచి వెళ్లి తీసుకోండి. ‘కంపెనీ కలిసిపోయింది, మీ సిమ్ము సాయంత్రానికి ఆగిపోతుంది, ఓటీపీ చెప్పండి’ అని తేనె పూసిన గొంతుతో ఫోన్ చేసేవాడు కంపెనీ మనిషి కాడు. సిమ్ము మార్చాక 24 గంటల పాటు ఎస్సెమ్మెస్‌లు రాకుండా 2022లో టెలికాం శాఖ కట్టడి పెట్టింది ఇలాంటి వాళ్ల కోసమే. ఆ ఒక్క రోజూ మీకు బ్యాంకు ఓటీపీ రాదు, కంగారు పడకండి.

ఇక ఫోన్‌లో పర్సులు. వొడాఫోన్‌కి ఎంపెసా ఉండేది, ఐడియా వాళ్లు పేమెంట్స్ బ్యాంకు పెట్టారు. విలీనం అయ్యాక రెండూ మూతబడ్డాయి. పెద్ద కాపురంలో చిన్న గిన్నెలు ముందు అటకెక్కుతాయి.

నాకు అసలు మంట ఇంకోచోట ఉంది. ‘లైఫ్‌టైమ్’ కార్డు గుర్తుందా? 2005 చివర్లో, 999 రూపాయలో ఎంతో పెట్టి వేయించుకుంటే ఇక ఇన్‌కమింగ్‌కి చింత లేదన్నారు. పెన్షన్ డబ్బుల్లోంచి తీసి వేయించుకున్న తాతలు ఎందరో. మిస్డ్ కాల్ ఇస్తే మనవడే తిరిగి చేస్తాడు, ఇంకేం కావాలి? అది ఎవరి లైఫ్‌టైమో మాత్రం ఎవరూ అడగలేదు. అది మన ఆయుష్షు కాదండీ, కంపెనీ లైసెన్సు ఆయుష్షు! 2018 నవంబరు వచ్చేసరికి, అంటే చిన్న కంపెనీలు చాలావరకూ సర్దుకున్నాక, ఎయిర్‌టెల్, వొడాఫోన్ ఐడియా రెండూ 28 రోజులకి కనీసం 35 రూపాయలు వేయించాల్సిందేనన్నాయి. ఖాతాలో డబ్బులున్నవాళ్లకి చెప్పాపెట్టకుండా ఆపేయడం ఏమిటని ట్రాయ్ కోప్పడాల్సి వచ్చింది. కోప్పడితే కొన్నాళ్లు వాయిదా పడింది, అంతే. ఆ 35 ఎయిర్‌టెల్‌లో, వీఐలో 2021 నవంబరుకి 99 అయింది, ఎయిర్‌టెల్‌లో 2024 జులైకి 199 అయింది. న్యాయంగా చెప్పాలంటే 199కి మాటలు ఎన్నయినా మాట్లాడుకోవచ్చు, 35కి ఆ సుఖం లేదు. కానీ మాట్లాడని తాతకి ఆ సుఖమెందుకు? ఈ గోడు ట్రాయ్‌కీ చేరినట్టుంది. డేటా లేకుండా మాటలకీ ఎస్సెమ్మెస్‌లకీ మాత్రమే ప్యాకులు ఉంచాలని 2024 డిసెంబరులో ఆదేశించింది.

28 రోజుల నెల కిటుకు మీకు తెలిసిందే. ఏడాదికి పన్నెండు కాదు, పదమూడు రీచార్జులు. కనీసం ఒక ప్యాకైనా ముప్ఫై రోజులది పెట్టండని 2022లో ట్రాయ్ చెప్పేదాకా క్యాలెండరు కూడా వాళ్లదే.

ఇందులో విలీనం తప్పేముంది, ఖర్చులు పెరిగితే రేట్లు పెరగవా అంటారా? పెరుగుతాయి. జియో 2016 సెప్టెంబరులో దిగాక కంపెనీలు ఎంత నష్టపోయాయో, మనం ఎంత లాభపడ్డామో నేను కాదనను. జీబీకి రెండొందలు పోసిన రోజులు మనమూ చూశాం. నా బాధ వేరు. ఒక దశలో సర్కిలుకి పదికి పైగా కంపెనీలుండేవి. ఇప్పుడు జియో, ఎయిర్‌టెల్, వీఐ, ఆపైన బీఎస్‌ఎన్‌ఎల్. 2024 జూన్ చివరి వారంలో మూడు ప్రైవేటు కంపెనీలూ రెండు రోజుల తేడాలో రేట్ల పెంపు ప్రకటించాయి, జులై 3, 4 తేదీల్లో అమలు చేశాయి. అప్పుడు అలిగి వెళ్దామన్నా వెళ్లడానికి మిగిలిన గుమ్మం ఒక్కటే, బీఎస్‌ఎన్‌ఎల్. లక్షల మంది వెళ్లారు కూడా. 2011 జనవరి 20న దేశమంతటా వచ్చిన పోర్టబిలిటీ గొప్ప హక్కే, కానీ వెళ్లే చోట్లు తగ్గుతుంటే దాని విలువా తగ్గుతుంది. పోనీ విలీనంతో వీఐ అయినా బాగుపడిందా? కలిసిన రోజు ఇద్దరికీ కలిపి వినియోగదారులు 40 కోట్ల మందికి పైనే, 2024 ఆఖరికి 20 కోట్ల దగ్గర. కలిసి దేశంలోకెల్లా పెద్దదైంది, సగం మందిని పోగొట్టుకుంది.

అన్నట్టు, కంపెనీలు ఇలా కలుస్తుంటే మనం 2014లో విడిపోయాం. టెలికాం లెక్కల్లో మాత్రం తెలంగాణా ఆంధ్రా ఇవాళ్టికీ ఒకటే సర్కిలు, దాని పేరు ఆంధ్రప్రదేశే!

డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మన పిల్లల సంగతి కూడా చెప్పాలి. ఇక్కడి బ్యాంకు ఓటీపీ కోసం పాత సిమ్మును సొరుగులో దాచుకుంటారు. వాడకుండా 90 రోజులు గడిస్తే ఆ నంబరు తీసేయవచ్చు, కొన్నాళ్లకి ఇంకొకరికి ఇచ్చేయవచ్చు. ఖాతాలో కనీసం 20 రూపాయలుంటే గడువు కొంత పొడిగించే ఏర్పాటు ఒకటుంది గానీ, పాత కంపెనీ ప్యాకు కొత్త కంపెనీలో ఉందో పోయిందో ఇక్కడున్న అమ్మానాన్నలే చూసి చెప్పాలి.

కాబట్టి ఈసారి విలీనం సందేశం వస్తే తుడిచేయకుండా చదవండి. ప్యాకు ఎప్పటివరకో చూసుకోండి. అనుమానముంటే 198కి చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. పోర్టు పెట్టుకోవాలంటే 1900కి సందేశం పంపాలి, ఉన్న కంపెనీలో 90 రోజులు నిండి ఉండాలి, మిగిలిన బ్యాలెన్సు మీతో రాదు కనుక ముందే వాడేయండి. అన్నిటికంటే ముందు, బ్యాంకు, గ్యాసు, ఆధార్, పీఎఫ్, ఎల్‌ఐసీ ఇలా మీ నంబరు ఎక్కడెక్కడ ఇచ్చారో ఒక కాగితం మీద రాసి, ఇంట్లో ఇంకొకరికి తెలిసేలా పెట్టండి.