కిందికి పెరిగిన ఆసుపత్రి

ఆసుపత్రి ఎదిగిందంటే అంతస్తులు పెరిగాయనుకుంటాం. పడకలు పెరిగాయనుకుంటాం. హైదరాబాద్‌లో పుట్టిన ఓ కంటి ఆసుపత్రి మాత్రం నగరం నుంచి పట్టణానికి, పట్టణం నుంచి పల్లెకు... ఒక్కో మెట్టూ దిగుతూ పెరిగింది. లాభాపేక్ష లేకుండా నడుస్తున్న ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య విజ్ఞాన సంస్థ కథ ఇది.

ఏడాది తిరిగేసరికి పెద్ద ఆసుపత్రులన్నీ నివేదికలు వేస్తాయి. ఎంతమందిని పరీక్షించారు, ఎన్ని ఆపరేషన్లు చేశారు, కొత్తగా ఏ యంత్రం కొన్నారు... నున్నటి కాగితం మీద రంగురంగుల బొమ్మల పక్కన అంకెలన్నీ వరస కడతాయి. వాటిల్లో సాధారణంగా కనిపించని అంకె ఒకటుంటుంది. అది... ఆసుపత్రి గడప తొక్కనివాళ్ల లెక్క!

వాళ్లెవరో తెలియాలంటే పల్లెకు వెళ్లాలి. వాకిట్లో నులకమంచం మీద కూర్చుని, వచ్చిందెవరో గొంతును బట్టి పోల్చుకునే తాతయ్య. సూదిలో దారం ఎక్కించడం, బియ్యంలో రాళ్లేరడం ఎప్పుడో మానేసిన నాయనమ్మ. 'పెద్ద వయసు కదా, మసకలు మామూలే' అని ఇంట్లోవాళ్లంటారు. వాళ్లూ అదే నిజమనుకుంటారు. ఆపరేషన్ ఉచితమే కావచ్చు. మరి బస్సు ఛార్జీలో? కూలి మానుకుని తోడెవరు వెళ్తారు? కోతలయ్యాక చూద్దామనుకుంటారు. కోతలైపోతాయి, ఇంట్లో పెళ్లి వస్తుంది. పెళ్లయ్యాక పండగ. ఈలోగా శుక్లం ముదురుతుంది. గోడ పట్టుకుని నడవడం అలవాటైపోతుంది.

ఆ కనిపించని మనుషుల్ని లెక్కపెట్టడం, వాళ్ల దగ్గరికి వెళ్లడం. ఎల్వీ ప్రసాద్ సంస్థ సాధించిన వాటిల్లో అన్నిటికన్నా పెద్దది అదే.

సినిమా మనిషీ... కంటి డాక్టరూ

డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు గుంటూరు మెడికల్ కాలేజీలో చదివారు. ఢిల్లీ ఎయిమ్స్‌లో కంటి వైద్యం నేర్చుకుని 1974లో అమెరికా వెళ్లారు. బోస్టన్‌లోని టఫ్ట్స్, ఆ తర్వాత రోచెస్టర్ విశ్వవిద్యాలయం. నల్లగుడ్డు జబ్బుల నిపుణుడిగా మంచి పేరు, స్థిరమైన జీవితం. అన్నీ ఉన్నా మనసు మాత్రం ఇక్కడే. ప్రపంచంలో ఎక్కడికీ తీసిపోని కంటి వైద్యం సొంతగడ్డ మీద అందించాలి, పేదలకూ అదే వైద్యం దక్కాలి... ఇదీ ఆయన కల.

ఆ కలకు నీడనిచ్చింది ఓ సినిమా మనిషి. ఏలూరు దగ్గరి సోమవరప్పాడులో రైతు కుటుంబంలో పుట్టిన అక్కినేని లక్ష్మీవరప్రసాదరావు... అందరికీ తెలిసిన ఎల్వీ ప్రసాద్. తొలి భారతీయ టాకీ 'ఆలం ఆరా'లోనూ, తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'లోనూ నటించిన వ్యక్తి. 'మనదేశం'తో ఎన్టీఆర్‌ని తెరకు పరిచయం చేసి, 'మిస్సమ్మ' లాంటి చిత్రాలు తీసిన దర్శకుడు. 1982లో దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం అందుకున్న ఆయన, బంజారాహిల్స్‌లో అయిదెకరాల స్థలం, కోటి రూపాయలు విరాళంగా ఇచ్చారు. 1987లో ఆసుపత్రి తలుపులు తెరుచుకున్నాయి. వెండితెర మీద బొమ్మలతో తరాలను అలరించిన మనిషి పేరు, చూపునిచ్చే చోటుకి స్థిరపడిపోయింది.

మొదటినుంచీ అక్కడ ఓ నియమం. డబ్బివ్వగలిగినవాళ్లు ఇస్తారు. ఇవ్వలేనివాళ్లకు ఉచితం. మొత్తం సేవల్లో సగం ఉచితంగానే అందాలి. నాణ్యతలో మాత్రం ఇద్దరికీ తేడా ఉండకూడదు.

తలుపు తట్టి అడిగితే...

పేరొచ్చింది. రోగులు బారులు తీరారు. ఏ సంస్థ అయినా అక్కడితో తృప్తిపడొచ్చు. కానీ వచ్చినవాళ్లను చూస్తే రానివాళ్ల సంగతి తెలియదు కదా! అందుకే ఇల్లిల్లూ తిరిగి చూడాలనుకున్నారు. అలా 1996లో మొదలైంది 'ఆంధ్రప్రదేశ్ నేత్రవ్యాధుల అధ్యయనం'. 2000 వరకూ సాగింది. హైదరాబాద్ నగరం, పశ్చిమగోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల పల్లెలు... అన్ని వయసులవాళ్లూ కలిపి 10,293 మందిని పరీక్షించారు.

ఫలితం చూస్తే గుండె కలుక్కుమంటుంది. అంధత్వం 1.84 శాతం. అంటే వందమందిలో దాదాపు ఇద్దరు! అంతకన్నా బాధ కలిగించేది కారణాల జాబితా. అంధత్వంలో 44 శాతం శుక్లాల వల్ల. మరో 16.3 శాతం కేవలం దృష్టి లోపం వల్ల. శుక్లం కొద్ది నిమిషాల ఆపరేషన్‌తో పోతుంది. దృష్టి లోపానికి కళ్లజోడు చాలు. అంటే చూపులేని ప్రతి అయిదుగురిలో ముగ్గురు... ఎప్పటినుంచో చేతిలో ఉన్న వైద్యం అందక చీకట్లో ఉన్నారు. జోడు లేక గుడ్డితనం!

కథ అక్కడితో అయిపోలేదు. సుమారు పదేళ్ల తర్వాత పరిశోధకులు అవే పల్లెలకు మళ్లీ వెళ్లారు. అప్పట్లో పరీక్షించినవాళ్లను పేరుపేరునా వెతుక్కుంటూ వెళ్లారు. కొందరు వలసపోయారు. కొందరు కన్నుమూశారు. వయసు లాంటి తేడాలన్నీ పరిగణనలోకి తీసుకున్నాక కూడా తేలిందేమిటంటే, చూపు దెబ్బతిన్నవాళ్లలో మరణాలు మిగతావారికంటే ఎక్కువ. 2013లో ఈ పరిశోధన ప్రచురితమైంది. 'ముసలితనంలో మసకలు మామూలే' అని కొట్టిపారేసే మాట ఎంత ఖరీదైనదో చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి!

అయిదు మెట్ల గోపురం

రోగి ఆసుపత్రికి రాలేకపోతే ఆసుపత్రే వెళ్లాలి. అయితే ఎలా?

అప్పటివరకూ తెలిసిన దారి కంటి శిబిరం. బడిలోనో సత్రంలోనో డాక్టర్లు రెండ్రోజులు ఉండి పరీక్షలు చేసేవారు, ఆపరేషన్లూ చేసేవారు. వాటివల్ల ఎందరికో మేలు జరిగింది. కానీ శిబిరం ఎత్తేశాక కన్ను ఎర్రబడితే ఎవరికి చూపించుకోవాలి? ఆపరేషన్ తర్వాత కళ్లజోడు మార్చాల్సివస్తే? ఇంకో సంగతి... అంధత్వం మశూచిలా ఒకసారి తరిమేస్తే పోయేది కాదు. ఏటా కొత్తగా కొందరికి అరవై ఏళ్లు నిండుతాయి. ఏటా కొత్త శుక్లాలు వస్తాయి. కాబట్టి వచ్చిపోయేది కాదు, ఊళ్లో ఉండిపోయేది కావాలి.

అలా రూపుదిద్దుకున్నదే అయిదు మెట్ల గోపురం. అట్టడుగున అయిదువేల జనాభాకు ఊళ్లోవాళ్లే దృష్టి రక్షకులు. ఎవరికి మసకలొచ్చాయో కనిపెట్టి చెప్పేది వీళ్లే. ఆపైన 50 వేల మందికి ఓ విజన్ సెంటర్. అయిదు లక్షల మందికి శుక్లాల ఆపరేషన్లు చేసే గ్రామీణ ఆసుపత్రి. 50 లక్షల మందికి పెద్దాసుపత్రి. శిఖరాన అయిదు కోట్ల మందికి, అత్యంత క్లిష్టమైన జబ్బులకు, పరిశోధనకు, శిక్షణకు హైదరాబాద్ కేంద్రం.

తొలి గ్రామీణ కేంద్రాన్ని పెట్టిన చోటు చూడండి. హైదరాబాద్ శివార్లలో కాదు. రెండొందల కిలోమీటర్ల అవతల, బాసర దగ్గరి ముథోల్‌లో! అప్పటి ఆదిలాబాద్ జిల్లా, ఇప్పటి నిర్మల్ జిల్లా. 1990ల చివరి భాగంలో అక్కడ నిరంతరం ఉండే కంటి ఆసుపత్రి అంటే పెద్ద సాహసమే. ఆ తర్వాత 2006లో భువనేశ్వర్, విశాఖపట్నం, 2011లో విజయవాడ పెద్దాసుపత్రులు వచ్చాయి. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, ఒడిశా, కర్ణాటకల్లో గ్రామీణ ఆసుపత్రులు 20 దాటాయి. విజన్ సెంటర్లు 200 దాటాయి. సంస్థ మొదలైననాటి నుంచీ సేవలందుకున్నవాళ్లు 3 కోట్లకు పైనే.

వయసు కాదు పెద్దమ్మా... శుక్లం!

గోపురంలో శిఖరానికే పేరు. బరువు మోసేది మాత్రం కింది వరసలే. విజన్ సెంటర్‌ను నడిపేది పెద్ద డిగ్రీలున్న డాక్టరు కాదు. ఆ చుట్టుపక్కల ఊళ్లలోనే పుట్టి పెరిగి, ఏడాదిపాటు శిక్షణ తీసుకున్న విజన్ టెక్నీషియన్. చూపు పరీక్షిస్తారు. కళ్లజోడు అవసరమైతే అక్కడే ఇస్తారు. శుక్లమో, నీటికాసులో అనుమానమొస్తే పై మెట్టుకు పంపుతారు.

తెల్లకోటు డాక్టరు నగరం నుంచి వచ్చి చెబితే భయపడే పెద్దావిడ, పక్కవీధి కుర్రాడో పిల్లో 'ఇది వయసు కాదు పెద్దమ్మా, శుక్లం. తీసేస్తే పోతుంది' అంటే వింటుంది. ఆపరేషన్ చేయించుకుని తిరిగొచ్చాక ఏ సందేహమొచ్చినా అడగడానికి ఆ పిల్లలు అక్కడే ఉంటారు. పైగా ఊళ్లో కుర్రకారుకు ఉద్యోగం దొరికింది. చదువుకున్న ఆడపిల్లకు గౌరవమైన కొలువొచ్చింది. కంటి ఆసుపత్రి వస్తే ఊరు ఎదగడమంటే ఇదీ!

చనిపోయాక కూడా...

జోడుతోనో, శుక్లం తీస్తేనో తీరని బాధలూ ఉంటాయి. నల్లగుడ్డు దెబ్బతింటే మరొకరు దానం చేస్తేనే చూపు. అందుకు సంస్థలో రామాయమ్మ ఇంటర్నేషనల్ ఐ బ్యాంక్ పనిచేస్తోంది. ఆసుపత్రుల్లో ఆప్తుల్ని పోగొట్టుకుని కుమిలిపోతున్న కుటుంబం దగ్గరికెళ్లి, నెమ్మదిగా నేత్రదానం గురించి అడగడానికి ప్రత్యేకంగా సలహాదారులుంటారు. ఎంత కష్టమైన పని! కన్నీళ్ల మధ్య అడగాలి. కాదంటే నొచ్చుకోకుండా వచ్చేయాలి. ఔనన్నవాళ్లు ఎంతమంది ఉంటే సంస్థలో నల్లగుడ్డు మార్పిడులు 2024 నాటికి 50 వేలు దాటి ఉంటాయి! ఆ అంకె డాక్టర్లది ఎంతో, దుఃఖంలోనూ తలూపిన ఆ కుటుంబాలదీ అంతే.

ఎంత చేసినా కొందరికి చూపు రాదు. అలాంటివాళ్లను 'మా వల్ల కాదు' అని పంపించేయకుండా, కర్ర సాయంతో నడవడం, కంప్యూటర్ వాడటం, తమ పనులు తాము చేసుకోవడం నేర్పే పునరావాస విభాగమూ ఉంది.

ఇంకా మిగిలిన లెక్క

డాక్టర్ నాగేశ్వరరావుకు 2002లో పద్మశ్రీ వచ్చింది. అంతర్జాతీయ అంధత్వ నివారణ సంస్థకు ఆయన సారథ్యం వహించారు. 2017లో ఆఫ్రికాలోని లైబీరియాలో, రాజధాని మన్రోవియాలో, ఈ సంస్థ సాయంతో కంటి కేంద్రం మొదలైంది. తెలుగు పల్లెల్లో నేర్చుకున్న పాఠం సముద్రాలు దాటిందన్నమాట.

అలాగని పనైపోలేదు. 2015-19 జాతీయ సర్వే ప్రకారం, యాభై దాటినవారి అంధత్వంలో 66.2 శాతం ఇప్పటికీ శుక్లాల వల్లే. ప్రభుత్వాలూ కదిలాయి. తెలంగాణలో 2018 ఆగస్టు 15న మొదలైన 'కంటి వెలుగు' తొలి విడతలో కోటిన్నర మందికి పైగా పరీక్షలు చేశారు. 2019లో ఆంధ్రప్రదేశ్ కూడా అదే పేరుతో పథకం ప్రారంభించింది. 2023లో తెలంగాణలో రెండో విడత జరిగింది. వీటివల్ల లక్షలమందికి కళ్లజోళ్లు అందాయి. అయితే జోడు పవరు మారుతుంది. మధుమేహం పెరుగుతోంది, దాంతోపాటే రెటీనా జబ్బులూ. వాటికి ఒకసారి చేసే పరీక్ష చాలదు, ఏడాదేడాదీ చూడాలి. అందుకే ఊరికి దగ్గర్లో రోజూ తెరిచి ఉండే తలుపు కావాలి. ఇలాంటి సంస్థ నివేదికలో వెతకాల్సింది ఎన్ని ఆపరేషన్లు చేశారన్నది ఒక్కటే కాదు. అవసరమైనవాళ్లలో ఎందరికి చేశారు? చేశాక ఎందరికి చక్కగా కనిపిస్తోంది? ఈ రెండు ప్రశ్నలకూ జవాబు ఊళ్లోనే దొరుకుతుంది.

ఊరి లెక్క ఇంటి నుంచే మొదలవ్వాలి. ఈ ఆదివారం తీరిగ్గా ఉన్నప్పుడు ఇంట్లో పెద్దవాళ్లను కాస్త దూరంలో కూర్చోబెట్టి, ఒక కన్ను మూసుకుని గోడమీది క్యాలెండర్లో తేదీలు చదవమనండి. తర్వాత రెండో కన్ను. ఒక కంటి చూపు తగ్గినా రెండోది సర్దుకుపోతుంది కాబట్టి, చాలామందికి ఆ సంగతే తెలీదు. నలభై దాటి పేపరు చేయి చాచి పట్టుకుని చదువుతున్నవాళ్లు, బోర్డు మీది అక్షరాలు కనిపించక ముందు బెంచీకి జరిగే పిల్లలు, చక్కెర జబ్బున్నవాళ్లు... వీళ్లందరినీ ఓసారి కంటి డాక్టరుకు చూపించాలి. బామ్మగారు 'నాకెందుకులే నాయనా, ఇంకెన్నాళ్లు బతుకుతాను' అంటారు. అనక మానరు. చెప్పులు అందించి, తోడెళ్లాల్సింది మనమే!