బిళ్ళ ఆపొద్దమ్మా

"జబ్బు తీసేశారు గదా సార్, ఇంకా మందెందుకు?"

రొమ్ము క్యాన్సర్‌కు వైద్యం ముగించుకుని ఇంటికి వెళ్ళినవాళ్ళ నోట నేను తరచూ వినే మాట ఇది. ఆపరేషనుకు భయపడుతూనే ఒప్పుకుంటారు. కీమోలో జుట్టంతా ఊడినా, నోరు పూసినా, అన్నం వాసనకే కడుపులో తిప్పినా నెలల తరబడి ఓర్చుకుంటారు. ఆ తర్వాత వారాలపాటు రోజూ బస్సెక్కి వచ్చి కరెంటు (రేడియేషన్) పెట్టించుకుంటారు. ఇంత యుద్ధం చేసిన మనిషి, రోజుకు ఒక టీ ఖరీదు కూడా చేయని చిన్న బిళ్ళను ఏడాది తిరక్కుండా పక్కన పడేస్తుంది. ఆ సంగతి తెలిసిన ప్రతిసారీ నాకు కోపం వస్తుంది. ఎందుకు ఆపిందో విన్నాక ఆ కోపం నిలవదు, దుఃఖం మిగులుతుంది.

పల్నాడు వైపు నుంచి వచ్చే ఒకామె మిరపకోతలకు వెళ్ళేది. నలభై దాటగానే ఎడమ రొమ్ములో గడ్డ కనిపించింది. ఆరోగ్యశ్రీలో ఆపరేషను, కీమో, కరెంటు అన్నీ పద్ధతిగా జరిగాయి. బయాప్సీ రిపోర్టులో ఈఆర్ పాజిటివ్ అని, అంటే ఈస్ట్రోజన్ హార్మోను ఆసరాతో పెరిగే రకమని వచ్చింది. టమాక్సిఫెన్ 20 మిల్లీగ్రాములు, రోజుకొకటి, కనీసం ఐదేళ్ళు అని రాసి పంపాం.

ఆ మందుతో ఒంట్లో ఆవిర్లు వస్తాయి. నడిరాత్రి చెమటలు పట్టి జాకెట్టు తడిసిపోతుంది, నిద్ర చెడుతుంది. పల్నాడు ఎండల్లో పొలం పని చేసే మనిషికి అది ఎంత కష్టమో నేను ఊహించగలను. ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్తే, "ఇది వేడి చేసే మందు, నీకు జబ్బు లేదుగా, ఆపెయ్" అన్నాడు. ఆపింది. ఆవిర్లు తగ్గాయి, నిద్ర పట్టింది. ఆపడమే మంచిదైందని ఇంటిల్లిపాదీ నమ్మారు.

తర్వాత కొంతకాలానికి నడుంనొప్పి మొదలైంది. పొలం పని కదా అనుకున్నారు. నొప్పి బిళ్ళలు, సూదులు, నడుముకు బెల్టు. అవన్నీ అయ్యాక నా దగ్గరికి వచ్చేసరికి కుర్చీలోంచి లేవలేకపోతోంది. స్కాన్‌లో వెన్నుపూసల్లో జబ్బు కనిపించింది. రిపోర్టు చదువుతుంటే ఆమె ఒక్కటే అడిగింది: "ఆ బిళ్ళ మింగుతూ ఉంటే రాకపోయేదా సార్?"

రాకపోయేదని ఏ డాక్టరూ ఒట్టు వేసి చెప్పలేడు. కానీ తెలిసినది ఇది. 2011లో లాన్సెట్ పత్రికలో 20 అధ్యయనాలను, 21 వేలకు పైగా స్త్రీల వివరాలను కలిపి చూసిన విశ్లేషణ వచ్చింది. ఈఆర్ పాజిటివ్ ఉన్నవాళ్ళు సుమారు ఐదేళ్ళు టమాక్సిఫెన్ వాడితే, వాడే ఆ ఐదేళ్ళలో జబ్బు తిరగబెట్టడం దాదాపు సగానికి తగ్గింది. మొదటి పదిహేనేళ్ళలో రొమ్ము క్యాన్సర్ మరణాలు సుమారు మూడోవంతు తగ్గాయి. అంటే బిళ్ళ ఆపేశాక కూడా అది చేసిన మేలు ఏళ్ళ తరబడి నిలిచింది. 2012లో అట్లాస్ అనే అధ్యయనం పదేళ్ళు వాడితే ఇంకా మేలని చూపింది. ఎవరికి ఐదు, ఎవరికి పది అన్నది రిపోర్టు చూసి నిర్ణయిస్తాం.

ఇంకా మందెందుకు అన్న ప్రశ్నకు పొలం మనుషులకు నేను తుంగ సంగతి చెబుతాను. పైన కనిపించే తుంగంతా పీకినా నేలలో గడ్డలు మిగులుతాయి, తడి తగిలితే మళ్ళీ లేస్తాయి. ఈఆర్ పాజిటివ్ క్యాన్సర్ కణాలకు ఆ తడి మన ఒంట్లోని ఈస్ట్రోజన్ హార్మోను. టమాక్సిఫెన్ ఆ తడి వాటికి అందకుండా అడ్డుపడుతుంది. ఈ రకం జబ్బు ఐదేళ్ళు దాటాక కూడా తిరగబెట్టగలదు కాబట్టి, ఒంట్లో బాగుందన్న ఒక్క కారణంతో మందు మానకూడదు.

ఆవిర్లకు ఉపాయాలున్నాయి. అవి తగ్గించే మందులున్నాయి, అవసరమైతే బిళ్ళే మార్చవచ్చు. నెలసరి ఆగిపోయినవాళ్ళకు లెట్రోజోల్ వంటివి ఇస్తాం. వాటితో పొద్దున్నే కీళ్ళు పట్టేస్తాయి, ఎముకలు పలచబడతాయి. అందుకు కాల్షియం, విటమిన్ డి, నడక, అప్పుడప్పుడు ఎముకల పరీక్ష. టమాక్సిఫెన్ వాడుతుండగా నెలసరి ఆగినవాళ్ళకు రక్తం కనిపించినా, ఒక పిక్క వాచి నొప్పి పెట్టినా వెంటనే రావాలి. ఇవన్నీ మాకు చెబితే సరిపోయేవి. చెప్పకుండా ఆపేస్తే మేము చేయగలిగింది ఏముంటుంది?

అందరూ ఆవిర్లకే ఆపరు. గుంటూరులో ఉండే ఒకావిడ చదువుకున్న ఇల్లాలు. వైద్యం బాగా జరిగింది. చెకప్‌లకు రావడం మాత్రం ఉన్నట్టుండి మానేసింది. చాలాకాలానికి ఒకరోజు కొంగు నిండా కప్పుకుని, చివరి నంబరు తీసుకుని వచ్చింది. "అమ్మాయికి సంబంధాలు చూస్తున్నామండీ. ఎవరైనా చూస్తే..." అంది. మందు చీటీలు బీరువా అడుగున దాచింది. తెలిసినవాడేనని మందుల షాపుకు వెళ్ళడం మానేసింది. కూతురి పెళ్ళి కుదరాలని తన ప్రాణాన్ని పణంగా పెట్టిన ఆ తల్లిని నేను ఏమని కోప్పడగలను? నా కోపమంతా ఆమెను అలా భయపెట్టిన మన మీదే. తల్లికి వస్తే కూతురికీ వస్తుందని అనుకుంటారు గానీ, రొమ్ము క్యాన్సర్లలో వంశపారంపర్యంగా వచ్చేవి నూటికి ఐదు నుంచి పది మాత్రమే. ఇంట్లో ఇంకొందరికి వచ్చి ఉంటే జన్యుపరీక్ష ఉంది. తల్లి జబ్బు చూసి పిల్లను వద్దనే సంబంధం తప్పిపోతేనే ఆ పిల్లకు మేలు.

ఆ ఇంట్లోనే ఆమెకు కంచం వేరు, గ్లాసు వేరు. క్యాన్సర్ ముట్టుకుంటే అంటుకోదు. ఒకే కంచంలో తిన్నా, ఒకే మంచం మీద పడుకున్నా రాదు. ఇది భర్తలకు విడిగా పిలిచి చెబుతాను. ఎన్నో ఇళ్ళలో వైద్యం అయిపోయాక భర్త పడక మరో గదికి మారుతుంది. ఆ సంగతి ఏ స్త్రీ నోరు విప్పి చెప్పదు, నిద్ర పట్టడం లేదని మాత్రం అంటుంది.

పథ్యం పేరుతో గుడ్డు, చేప, పప్పు మాన్పించి గంజితో సరిపెట్టొద్దు. ఒళ్ళు కోలుకోవడానికి మాంసకృత్తులు కావాలి. మంచం మీద కూర్చోబెట్టి "కదలకు" అనొద్దు. రొమ్ము క్యాన్సర్ మీద కాకపోయినా, పెద్దపేగు క్యాన్సర్‌కు ఆపరేషను, కీమో అయిన 889 మంది మీద జరిగిన ఛాలెంజ్ అధ్యయనం 2025లో వెలువడింది. మూడేళ్ళు పద్ధతిగా వ్యాయామం చేయించిన వాళ్ళలో ఐదేళ్ళకు జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవాళ్ళు నూటికి 80, చేయించని వాళ్ళలో 74. చంకలో గడ్డలు తీసినవాళ్ళు చేయి వాస్తుందని బిందె కూడా ఎత్తరు. ఫిజియోథెరపిస్టు చెప్పినట్టు కొద్దికొద్దిగా బరువు పెంచుకుంటూ పోతే ఆ చేతికి బలమే వస్తుంది. మిరప కోసేటప్పుడు చేతికి తొడుగు వేసుకోండి. గీరుకుని ఎర్రబడి జ్వరం వస్తే ఆ రోజే రండి.

పల్నాడు ఆమె ఇప్పుడు మందుల మీద ఉంది. నొప్పి తగ్గింది, నడుస్తోంది. ఈసారి ఒక్క పూట కూడా మానలేదు.

మీ ఇంట్లో ఎవరికైనా రొమ్ము క్యాన్సర్ వైద్యం అయి ఉంటే ఈ రోజే ఆ ఫైలు తీయండి. బయాప్సీ కాగితంలో ఈఆర్ పాజిటివ్ అని ఉందేమో చూడండి. ఉంటే, బిళ్ళ వాడుతున్నారా అని నెమ్మదిగా అడగండి. ఆపేసి ఏడాదైనా, రెండేళ్ళయినా సరే, ఫైలు పట్టుకుని మీ డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ఎందుకు ఆపావని ఆయన కోప్పడితే పడండి. కోప్పడతారని వెళ్ళడం మాత్రం మానకండి.