పాట మంచిదే, పేరు ఎవలది?



ఎప్పుడు చూసినా వడ్లు, పత్తి, యూరియా గురించే రాస్తవు, ఒక్కసారన్న మంచి ముచ్చట రాయరాదా అని మా బిడ్డ అంటున్నది. సరే, ఈసారి పాటల గురించి రాస్తున్న. నాకు రాగాలు, తాళాలు తెల్వయి. యాభై ఏండ్ల సంది వింటున్న, అంతే. నాకు నచ్చిన పాటలు చెప్త, ప్రతి పాటకు ఒక పేరు సుత చెప్త. పేరు మీద ఇంత పట్టుదల ఎందుకో చివరిదాకా చదివితే మీకే తెలుస్తది.

మొదటిది ‘ఊరు మనదిరా’. జగిత్యాల జైత్రయాత్ర 1978ల అయింది. అప్పటికి నేను చిన్నపిల్లగాన్ని. ఆ తర్వాత ఏండ్లల్ల మా దిక్కు ఈ పాట పోని ఊరు లేదు. బయట గొంతెత్తి పాడ భయమయ్యేటోళ్లు ఇంట్లనన్న మెల్లగ పాడుకునేటోళ్లు. ఎవలు రాసిండ్రని అడిగితే ఇప్పటికీ చానామంది గద్దర్ అంటరు. కాదు, గూడ అంజయ్య రాసిండు. మా ధర్మపురి దిక్కు నుంచి రాయపట్నం బ్రిడ్జి మీద గోదావరి దాటి పోతే దండేపల్లి మండలం, అందులో లింగాపురం ఆయన ఊరు. ఫార్మసిస్టుగ నౌకరి చేసుకుంటనే పాటలు రాసిండు. 2016ల పోయిండు. ఆ పాట ఎన్నో భాషలల్లకు పోయింది. గోదావరికి ఈ ఒడ్డున ఉన్న మనకు మాత్రం ఆయన పేరు యాదికి రాదు. అంజయ్య పాటల నాకు నచ్చేది ఏందంటే, చదువుకున్న మనిషి రాసినట్టు ఉండదు. కూలికి పోయొచ్చి అరుగు మీద కూసున్నోడు మాట్లాడినట్టుంటది.

రెండోది ‘బండెనక బండి కట్టి’. మాభూమి సినిమాల గద్దర్ పాడిండు, అందరికీ తెలుసు. రాసింది సాయుధ పోరాటం కాలంనాటి బండి యాదగిరి. గద్దర్ గొంతు లేకుంటే ఈ పాట మా తరం దాకా ఇంత జోరుగ వచ్చేది కాదు, ఆ మాట నేను ఒప్పుకుంట. ఆయన పాడుతుంటే పదిమందిల ఉన్న ధైర్యం ఒక్కనికే వచ్చినట్టు అనిపిస్తది. కానీ పాడినోని గొప్పతనం పాడినోనిదే, రాసినోని గొప్పతనం రాసినోనిదే. రెండు ఒక్క పేరు మీద వేస్తే ఒకడు మాయమైతడు.

మూడోది గోరటి వెంకన్న. 2002ల కుబుసం సినిమాల వచ్చిన ‘పల్లె కన్నీరు పెడుతుందో’. ‘వల్లంకి తాళం’ పుస్తకానికి ఆయనకు సాహిత్య అకాడమీ అవార్డు సుత వచ్చింది. ఈ పాట విని ఊకె ఏడ్వకండి, లెక్కపెట్టండి. మీ ఊర్ల చేతిపనులు ఇంకా ఎన్ని నడుస్తున్నయో చూడండి. మా ఊర్ల లెక్కపెడితే ఒక చెయ్యి వేళ్లే ఎక్కువైనయి.

నాలుగోది బలగం సినిమా చివర వచ్చే పాట. 2023ల వచ్చింది, మన సిరిసిల్ల దిక్కే తీసిండ్రు. ఊర్లల్ల తెర కట్టి అందరూ కలిసి చూసిండ్రు. దుగ్గొండికి చెందిన మొగిలయ్య, కొమురమ్మ ఆలుమగలు పాడిండ్రు. నాకు నచ్చింది ఏందంటే, వాళ్ల గొంతు తీసుకొని వేరే నటుల మొఖం పెట్టలే. వాళ్లనే తెర మీద నిలబెట్టిండ్రు. 2024 డిసెంబర్‌ల మొగిలయ్య పోయినప్పుడు, ఫలానా పాట పాడినాయన పోయిండని మా ఊర్ల చిన్నపిల్లలు సుత అన్నరు. పేరు ఉంటే గట్లుంటది.

ఆదిలాబాద్ దిక్కు గోండుల దగ్గర ఈ కట్టుబాటు ఎప్పటి సందో ఉన్నది. ప్రధాన్లు కీక్రి వాయించుకుంట గోండుల వంశాల కథలు పాడుతరు. ఏ ప్రధాన్ ఇల్లు ఏ గోండు ఇండ్లకు పాడాలెనో తాతల నాటి లెక్క. కథ అందరిది, కానీ దాన్ని మోసేటోళ్లు ఎవలో అందరికీ ఎరుక.

సినిమాలల్ల ఈ లెక్క అప్పుడప్పుడు తప్పుతది. 2021ల లవ్ స్టోరీ సినిమా ‘సారంగ దరియా’ మీకు యాదికున్నదా? సుద్దాల అశోక్ తేజ రాసిండు, మంగ్లీ పాడింది. మంచి ఊపున్న పాట. అప్పుడు కోమలి అనే గాయని, ఈ జానపదం నేను సేకరించిన్నని ముందుకొచ్చింది. పెద్ద పంచాయతే అయింది. చివరికి డైరెక్టర్ శేఖర్ కమ్ముల ఆమెకు పేరు, పైసలు ఇస్తమన్నడు. సేకరణ అనేది సుత ఒక పనే అని అప్పుడు చానామందికి తెలిసింది.

ఇగ మా అవ్వ పాట. ఆమెకు ఎనభై దాటినయి. నాట్లల్ల పాట ఎత్తుకునేది ఆమెనే. నాటు పాట ఎట్లుంటదంటే, ఒకామె ఎత్తుకుంటది, తక్కినోళ్లు అదే మాట తిరిగి అంటరు. వాళ్లు అనేలోపల ఎత్తుకున్నామె ఊపిరి తీసుకుంటది, తర్వాతి మాట యాది చేసుకుంటది. బురదల చెయ్యి, ఎనుకకు వేసే అడుగు, రెండూ ఆ లెక్కల్నే నడుస్తయి. ఇప్పుడు మా దిక్కు నాట్లకు బీహార్, బెంగాల్ పిల్లలు వస్తున్నరు. వాళ్ల పాటలు వాళ్లు పాడుకుంటరు, అవ్వ గడ్డన కూసొని వింటది.

కోడలు పుట్టింటికి పోతనంటే, అత్తను అడుగు, మామను అడుగు అని ఇంట్ల అందరూ తిప్పే పాట ఒకటి ఉన్నది. ఆ కథ అంతటా ఉన్నదే. కానీ అవ్వ పాడేదాంట్ల కోడలు పోయే దారి మా ఊరి దారి. మా కుంట పేరు, కట్ట మీది చింతచెట్టు వస్తయి.

నాలుగేండ్ల కింద ఒక యూట్యూబ్ ఛానల్ పిల్లలు వచ్చి ఆ పాట ఫోన్ల రికార్డు చేసుకున్నరు. చాయ తాగి, అవ్వ కాళ్లు మొక్కి పోయిండ్రు. ఏడాదికి డీజే దరువు పెట్టి పాట వదిలిండ్రు. మంచిగనే పాడిండ్రు, అబద్ధం చెప్ప. కింద ‘రచన’ అని అందులో ఒక పిల్లగాని పేరు ఉన్నది. ఆ పిల్లగాని ఊరు ఇక్కడికి అరవై కిలోమీటర్లు. పాటల మాత్రం మా కుంట పేరు అట్లనే ఉన్నది.

ఫోన్ చేసి అడిగిన. “జానపదానికి ఓనర్ ఉండడు కాకా” అన్నడు. “ఓనర్ లేనిదానికి నీ పేరు ఎట్ల పెట్టుకున్నవు బిడ్డా” అన్న. పెట్టేసిండు. ఆ ‘రచన’ ఇప్పటికీ అట్లనే ఉన్నది.

అవ్వకు చెప్తే కోపం రాలే. “పాట నాదేంది బిడ్డా, మా అత్త నేర్పింది. కుంట, చింతచెట్టు నేను కలిపిన” అన్నది. నేను రాయాలనుకున్న ముచ్చట మొత్తం ఈ మాటల్నే ఉన్నది. తీసుకున్నది ఎవల దగ్గరనో, తను కలిపింది ఎంతనో బడి మొఖం చూడని మనిషి పైసకు పైస లెక్క చెప్పింది. దరువు కలిపినోడు దరువు నాది అంటే ఎవలు కాదంటరు?

పాటలు దొంగతనం చేసిండ్రని నేను కేసులు పెట్టుమంటలేను. జానపదం ఒకరి నోటి నుంచి ఇంకొకరి నోటికి పోవాలె, లేకుంటే చచ్చిపోతది. డీజేల కొట్టినా నాకు బాధ లేదు, మా పెండ్లిళ్లల్ల నేనే ఎగురుత. కానీ పాట పెట్టినప్పుడు మూడు ముక్కలు రాయండి. ఎవల దగ్గర విన్నరు, వాళ్లది ఏ ఊరు, మీరు ఏం కలిపిండ్రు. రాయడానికి రూపాయి ఖర్చు కాదు. వినేటోళ్లు సుత లైక్ కొట్టే ముందు ‘ఇది ఎవల పాట’ అని అడగండి. అడిగేటోళ్లు ఉంటేనే రాసేటోళ్లు ఉంటరు. మా అవ్వ అసొంటోళ్ల పేర్లు వాళ్లు బతికి ఉండంగనే తెర మీద పడాలె, పోయినంక ఫొటో పెట్టి దండ వేస్తే ఏం లాభం?

మీ ఇంట్ల పాడే పెద్దమనుషులు ఉంటే పాటతోపాటు వాళ్ల పేరు, ఊరు నాకు రాసి పంపండి. ఒక్కొక్కటి ఈ పేజీల పెడుత, వాళ్ల పేరు మీదనే.

రేపు పొద్దున్నే మడికట్టు పని ఉన్నది. ఉంట మరి.